రీమర్‌ను ఊరికే తిరగనివ్వకండి

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఒక రంధ్రం లోపలి గోడ మీద పడే గీతల గురించి. లేత్ మీద రీమర్‌తో, అంటే తొలిచిన రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా కోసే పళ్ల పరికరంతో, పని చేసిన వాళ్లందరికీ ఆ గీతలు తెలుసు, అవి పడేటప్పుడు వచ్చే చప్పుడూ తెలుసు. మొదట సన్నగా గుయ్‌మంటుంది. కాసేపటికి అది గరగరగా మారుతుంది. రీమర్‌ను ముందుకు నెట్టే టెయిల్‌స్టాక్ మీద ఉన్న చేతికి వణుకు తగులుతుంది. రీమర్ బయటికి తీసి లోపలికి టార్చి వేసి చూస్తే, నున్నగా మెరవాల్సిన గోడ చుట్టూ వరసగా పలకలు కనబడతాయి. దీన్నే మనం చాటర్ అంటున్నాం.

ఉదాహరణగా రైఫిల్ బ్యారెల్ ఛాంబర్‌ను, అంటే తూటా కూర్చునే వెనక గదిని, తీసుకున్నాను. ఇది లైసెన్సు ఉన్న వర్క్‌షాపులోనే చేయాల్సిన పని, ఆ విషయంలో రెండో మాట లేదు. అయితే చాటర్‌కు కావలసిన పరిస్థితులన్నీ ఒక్కచోట కలిసేది ఇక్కడే. పొడవైన పని ముక్క, సన్నటి టేపర్ (ఒక చివరికి మెల్లగా సన్నబడే వాలు), గోడ పొడవునా ఆనుకునే రీమర్, చిప్స్ (తెగిన లోహపు తురుము) పోవడానికి ఇరుకు దారి. ఇక్కడ చాటర్ ఎందుకు వస్తుందో అర్థమైతే వాల్వ్ సీట్ కోసేటప్పుడు, టేపర్ పిన్ రంధ్రం సరిచేసేటప్పుడు, చివరికి మామూలు కౌంటర్‌సింక్ వేసేటప్పుడు కూడా అదే అవగాహన పనికొస్తుంది.

ముందు, దీన్ని ఎందుకు పట్టించుకోవాలో చెబుతాను. తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడికి ఇత్తడి కేసు ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. .308 వించెస్టర్ తూటాకు అమెరికా తుపాకుల, తూటాల ప్రమాణాల సంస్థ సామీ అనుమతించే గరిష్ఠ సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత ఒత్తిడిలో ఇత్తడి, గోడ మీద ఉన్న ప్రతి ఎత్తుపల్లాన్నీ అచ్చు దించుకుంటుంది. ఒత్తిడి తగ్గాక కేసు కొద్దిగా ముడుచుకుని గోడను వదలాలి. గోడ నున్నగా ఉంటే వదులుతుంది. గోడ మీద అలలు ఉంటే వాటిలో కేసు ఇరుక్కుంటుంది, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ ఎత్తడం కష్టమవుతుంది, కేసు లాగేటప్పుడు గీసుకుపోతుంది. గోడ బాగోలేకపోతే చూపుకు మాత్రమే కాదు, పనికి కూడా లోపమే.

ఇక చాటర్ ఎలా పుడుతుందో చూద్దాం.

యంత్రంలో వణుకులు రెండు రకాలు. ఒకటి బయటి నుంచి వచ్చేది. మోటార్ బ్యాలెన్స్ సరిగా లేకపోయినా, బెల్ట్ మీద ముడి ఉన్నా, గేర్ పన్ను విరిగినా వచ్చే వణుకు అది. దాని వేగం పని ముక్కను తిప్పే స్పిండిల్‌తోనో మోటార్‌తోనో ముడిపడి ఉంటుంది, కారణం దొరికితే తీసేయొచ్చు. రెండోది కోత తనకు తానుగా పుట్టించుకునేది. బయట ఏ లోపమూ లేకపోయినా పుడుతుంది, కోత ఆగగానే ఆగిపోతుంది. చాటర్ ఈ రెండో రకం.

ఇది ఎంత చిక్కు సమస్యో మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రెడరిక్ టేలర్. మాన్సెల్ వైట్‌తో కలిసి హై స్పీడ్ స్టీల్ టూల్స్‌ను వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని కనిపెట్టినవాడు ఆయనే. లోహాల కోత మీద 1907లో అచ్చయిన తన పెద్ద పత్రంలో, మెషినిస్టుకు ఎదురయ్యే సమస్యలన్నిటిలోకీ చాటర్ అంత అంతుపట్టనిది ఇంకొకటి లేదని ఆయన రాశాడు. దాని వెనుక లెక్క తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1950లలో యిర్జీ ట్లుస్టీ, స్టీఫెన్ టోబియాస్ వంటి పరిశోధకులు దాన్ని విడమరిచారు. వాళ్లు చెప్పినదాని సారం ఇది. టూల్ ఏదో ఒక చిన్న కారణం వల్ల ఒక్కసారి అదిరింది అనుకోండి. గోడ మీద చిన్న అల మిగిలింది. ఒక చుట్టు తిరిగాక, రీమర్ అయితే ఇంకా ముందే, వెనక వచ్చే పన్ను ఆ అల మీదికి వస్తుంది. అల ఎత్తుగా ఉన్నచోట చిప్ మందమవుతుంది, బలం పెరుగుతుంది, టూల్ వంగుతుంది. పల్లం దగ్గర బలం తగ్గి టూల్ తిరిగి వస్తుంది. అలా అది మరో అల గీస్తుంది, ఈసారి ఇంకొంచెం లోతుగా. మట్టిరోడ్డు మీద అడ్డంగా పడే గతుకులు ఇలాగే ఏర్పడతాయి. మొదటి బండి ఎగిరినచోట చిన్న గుంట పడుతుంది, ప్రతి బండీ అక్కడే ఎగిరి దాన్ని పెంచుతుంది. ఎవరూ తవ్వకుండానే రోడ్డంతా అలలు పడతాయి.

అంటే చాటర్‌కు జ్ఞాపకం ఉంది. ఒకసారి పడిన అల తర్వాతి కోతను తన దారిలోకి లాక్కుంటుంది. ఇది మనసులో ఉంచుకోండి. మొదలైన చాటర్ ఎందుకు అంత తేలిగ్గా పోదో, దాన్ని ఆపడానికి పాతవాళ్లు వాడిన చిట్కాలు ఎందుకు పనిచేస్తాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

రీమర్ విషయంలో ఇంకో మెలిక ఉంది. పళ్లన్నీ సమాన దూరంలో ఉన్న రీమర్ పక్కకు ఊగితే రంధ్రం గుండ్రంగా రాదు, కోణాలు తేలుతుంది. ఆ కోణాల సంఖ్య పళ్ల సంఖ్యకు ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో ఉంటుంది, లేదా పళ్ల సంఖ్య గుణిజానికి ఒకటి అటూ ఇటూ ఉంటుంది. ఛాంబర్ రీమర్లలో ఎక్కువ భాగం ఆరు పళ్లవే. అంటే 5, 7, 11, 13, ఇలా. వీటిలో ఒక్కటీ సరి సంఖ్య కాదు, ఒక్కటీ మూడుతో భాగించబడదు. దీని ఫలితం ఏమిటంటే, రెండు ఎదురు బిందువుల దగ్గర కొలిచే గేజ్‌కు ఆ రంధ్రం అన్ని వైపులా ఒకే వ్యాసంగా కనబడుతుంది. 120 డిగ్రీలకు ఒకటి చొప్పున మూడు కాళ్లున్న బోర్ గేజ్‌కు కూడా సగటున తేడా తెలియదు. గేజ్ సరిపోయిందని చెబుతుంది, రంధ్రం మాత్రం గుండ్రంగా ఉండదు. అందుకే మంచి రీమర్ తయారీదారులు పళ్ల మధ్య దూరాన్ని కావాలనే కొద్దికొద్దిగా మారుస్తారు. వెనక పన్ను, ముందు పన్ను మిగిల్చిన అలను సరిగ్గా అదే లయలో కలవకుండా చేయడమే ఆ మార్పు ఉద్దేశం. కొత్త రీమర్ కొనే అవకాశం మీ చేతిలో ఉంటే, ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇదే.

.308 తూటా కేసు వెనక వైపు వ్యాసం సుమారు 11.96 మిల్లీమీటర్లు. షోల్డర్, అంటే కేసు మెడ వైపు ఒక్కసారిగా సన్నబడే వాలు, మొదలయ్యే చోట 11.53. ఈ రెంటి మధ్య దూరం 34.5 మిల్లీమీటర్లు. అంటే ఈ మధ్య భాగం, బాడీ, టేపర్ వ్యాసం మీద సుమారు 80కి 1; ఛాంబర్‌దీ దాదాపు అంతే. షోల్డర్ వాలు మాత్రం అక్షానికి 20 డిగ్రీలు. ఇప్పుడు ఒక చుట్టుకు 0.05 మిల్లీమీటర్ ఫీడ్ ఇచ్చామనుకోండి, అంటే రీమర్ అంత ముందుకు జరిగిందనుకోండి. షోల్డర్ దగ్గర ఆ చుట్టులో తెగే మందం 0.017 మిల్లీమీటర్. ఆరు పళ్లు పంచుకుంటే పన్నుకు దాదాపు 3 మైక్రాన్లు. ఇది సన్నని చిప్పే, కానీ చిప్పే. అదే చుట్టులో బాడీ గోడ దగ్గర తెగే మందం ఎంత? 0.0003 మిల్లీమీటర్. అంటే మైక్రాన్‌లో మూడో వంతు కూడా కాదు. దాన్ని మళ్లీ ఆరు పళ్లు పంచుకోవాలి.

అంత సన్నగా ఏ అంచూ కోయలేదు. ఎంత పదునైన అంచుకైనా కొసన చిన్న గుండ్రం ఉంటుంది. చిప్ మందం ఆ గుండ్రం కన్నా తక్కువైతే పన్ను లోహాన్ని కోయకుండా దాని మీద రుద్దుకుంటూ పోతుంది. కొంతసేపు రుద్ది, ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా కొరుకుతుంది, మళ్లీ జారుతుంది. కోత ఇలా పట్టీ వదిలీ సాగుతున్నప్పుడు మొదటి అల పుట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు.

కాబట్టి ఛాంబర్ రీమర్ స్వభావమే సగం కోయడం, సగం రుద్దడం. షోల్డర్ దగ్గర అది కోస్తుంది, బాడీ పొడవునా దాదాపు రుద్దుతుంది. మనం ఫీడ్ తగ్గించిన కొద్దీ ఆ సగం కోత కూడా రుద్దుడుగా మారుతుంది. ఇక్కడే చాలామంది చేసే పని తలకిందులవుతుంది. చప్పుడు వినగానే భయంతో చేయి వెనక్కి వస్తుంది, ఫీడ్ తగ్గుతుంది, రీమర్ గోడను తాకుతూ ఊరికే తిరుగుతుంది. చాటర్‌కు అంతకంటే అనువైన పరిస్థితి లేదు. చేయాల్సింది దానికి వ్యతిరేకం. వేగం తగ్గించాలి, ఫీడ్ నిలకడగా, కాస్త గట్టిగా ఉండాలి. మామూలు రీమింగ్‌కు కూడా ఇదే సూత్రం. డ్రిల్లింగ్ వేగంలో సగం నుంచి మూడింట రెండు వంతులు, ఫీడ్ మాత్రం డ్రిల్లింగ్ కన్నా రెండు మూడు రెట్లు. ఛాంబర్ పనిలో వేగం ఇంకా కిందికి వస్తుంది. 12 మిల్లీమీటర్ల వ్యాసానికి 100 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 4 మీటర్లు కూడా కాదు. అయినా ఫర్వాలేదు. ఈ పనిలో సమయం ఆదా చేసుకోవాల్సినది కోత దగ్గర కాదు.

సమయం ఇవ్వాల్సింది అంతకుముందు జరిగే సెటప్‌కు.

బ్యారెల్ బయటి గుండ్రాన్ని నమ్మకండి. పొడవైన రంధ్రం తొలిచేటప్పుడు డ్రిల్ ఎంతోకొంత పక్కకు పోతుంది, ఆ రంధ్రం, అంటే బోర్, బయటి ఉపరితలంతో సరిగ్గా ఏకకేంద్రంగా ఉండదు. అందుకే నాలుగు దవడల చక్‌లోనో, హెడ్‌స్టాక్ గుండా పంపి రెండు చివర్లా స్క్రూల స్పైడర్లతోనో బ్యారెల్ పట్టుకుని, పొడవాటి కొస ఉన్న డయల్ ఇండికేటర్‌తో బోర్ లోపలే చూసి సరిచేయాలి. ఛాంబర్ రాబోయే ప్రాంతంలో రెండు చోట్ల చూడాలి, ఒక్కచోట చూస్తే వంపు తెలియదు. రన్ అవుట్ (తిరిగేటప్పుడు పక్కకు జరిగే తేడా) 0.01 మిల్లీమీటర్ లోపు వచ్చేదాకా ఓపిక పట్టాలి. వెనక చివర వదిలేస్తే, స్పిండిల్ తిరిగినప్పుడు ఆ పొడవంతా ఊగుతుంది, ఆ ఊపు నేరుగా కోతలోకి వస్తుంది. చక్ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన భాగం ఎంత తక్కువుంటే అంత మంచిది. టెయిల్‌స్టాక్ నుంచి ముందుకు వచ్చే క్విల్ కూడా అంతే, అవసరానికి మించి బయటికి తీయొద్దు.

తర్వాత, రీమర్‌తో మొత్తం లోహం తీయించకండి. డ్రిల్‌తో చాలా భాగం తీసి, ఆ మీద ఒకే కొసతో కోసే సింగిల్ పాయింట్ బోరింగ్ బార్‌తో సరిచేయండి. డ్రిల్ రంధ్రం తన దారిన తాను పోతుంది, రీమర్ అదే దారిని అనుసరిస్తుంది. బోరింగ్ బార్ ఒక్కటే స్పిండిల్ అక్షాన్ని అనుసరించి రంధ్రాన్ని నిజంగా కేంద్రానికి తెస్తుంది. షోల్డర్‌కు ముందే ఆగాలి. షోల్డర్ వ్యాసం కన్నా కొంచెం తక్కువ వ్యాసంలో, రీమర్‌కు వ్యాసం మీద 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్ దాకా వదలాలి. మరీ తక్కువ వదిలితే రీమర్‌కు కొరకడానికి ఏమీ ఉండదు, మళ్లీ రుద్దుడే. ఈ విషయంలో జాగ్రత్త పేరుతో పిసినారితనం చేసేవాళ్లు ఎక్కువ. చాలా తక్కువ వదిలితే మంచిదనుకుంటారు, కానీ రీమర్‌కు తినడానికి తిండి ఉండాలి.

బోరింగ్ అంత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని పైపైన చూస్తే గమనించం. ఛాంబర్ రీమర్ ముందు కొసన పైలట్ ఉంటుంది, అది బోర్‌లో తిరుగుతూ రీమర్‌ను దారిలో పెడుతుందని అనుకుంటాం. కానీ లోతుగా బోరింగ్ చేసిన రంధ్రంలోకి రీమర్ మొదట దిగేటప్పుడు పైలట్ ఇంకా బోర్‌లోకి చేరి ఉండకపోవచ్చు. ఆ మొదటి కొన్ని మిల్లీమీటర్లు రీమర్‌కు ఆధారం మనం బోర్ చేసిన గోడ ఒక్కటే. అది పక్కకు ఉంటే ఆరు పళ్లలో రెండో మూడో మాత్రమే కోస్తాయి, మిగతావి గాల్లో ఉంటాయి. చాటర్ తరచూ రంధ్రం ముఖం దగ్గరే, మొదటి చుట్లలోనే పుట్టడానికి కారణం ఇదే. లోపల మనకు వినబడే చప్పుడు అక్కడ పుట్టిన అలకు కొనసాగింపు. రంధ్రం ముఖం దగ్గర అంచు మీద బుర్రు (కోతకు లేచిన లోహపు పొర) లేకుండా చిన్న చాంఫర్, అంటే ఏటవాలు అంచు, కొట్టి, అన్ని పళ్లూ ఒకేసారి పట్టేలా మొదలుపెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

పైలట్ బోర్‌లోకి వచ్చాక అది వదులుగా ఉండకూడదు. పైలట్ బుష్‌లు, అంటే పైలట్ చోట తొడిగే చిన్న గొట్టాలు, మార్చుకునే రీమర్లు వాడితే ఈ బాధ తప్పుతుంది. ఒకే కాలిబర్ బ్యారెల్‌లు అన్నీ ఒకే బోర్ కొలతలో రావు. కొన్ని బుష్ సెట్లలో ఒక్కో బుష్‌కు తేడా 0.0002 అంగుళం, అంటే 0.005 మిల్లీమీటరే. బోర్ గాడుల మధ్య ఎత్తు భాగాల మీద నూనెతో జారుతూ, చేతికి ఊగులాట తెలియకుండా పట్టే బుష్ ఎంచుకోవాలి. మరీ బిగువైతే చిప్ ముక్క ఇరుక్కుని బోర్‌ను గీస్తుంది. వదులుగా ఉంటే ముందు కొస తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఇంజిన్ హెడ్‌లో వాల్వ్ సీట్ కోసేటప్పుడు పైలట్ గైడ్‌లో వదులైతే సీట్ మీద ఇవే పలకలు వస్తాయి.

రీమర్‌ను పట్టుకునే హోల్డర్ గురించి మెషినిస్టుల్లో ఎడతెగని వాదన ఉంది. ఫ్లోటింగ్ హోల్డర్ వాడాలా, గట్టిగా బిగించాలా? నా మాట సూటిగా చెబుతాను. టెయిల్‌స్టాక్ స్పిండిల్ అక్షంలో లేనప్పుడు గట్టి హోల్డర్ రీమర్‌ను బలవంతంగా పక్కకు నెడుతుంది, ఛాంబర్ వెనక భాగం గంట మూతిలా పెద్దదవుతుంది. అందుకని ఫ్లోట్ మంచిదే. కానీ ఫ్లోట్ అంటే వదులు కాదు. రీమర్ పక్కకు సర్దుకోవాలి, కోణం సర్దుకోవాలి, కానీ తిరిగే దిశలో, ముందుకు వెనక్కీ కొంచెమైనా లూజు ఉండకూడదు. తిరిగే దిశలో లూజు ఉంటే పన్ను కొరికినప్పుడు రీమర్ ఒక వెంట్రుక వాసి వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు దూకుతుంది. చేత్తో పొడవాటి పిడి పట్టుకుని రీమర్‌ను ఆపడం పాత పద్ధతి. చేయి స్ప్రింగులా సాగుతుంది, చాటర్‌ను పెంచుతుంది. పైగా రీమర్ ఇరుక్కుంటే పిడి ఒక్కసారిగా తిరిగి వేళ్లకు తగులుతుంది. పిడి తప్పనిసరైతే దాన్ని ఆపడానికి క్యారేజ్ మీద గట్టి ఆధారం పెట్టండి, చేతిని నమ్ముకోకండి.

రీమర్ పదును గురించి రెండు మాటలు. మొద్దుబారిన రీమర్ రుద్దుతుంది, అది తెలిసిన విషయం. కొత్తగా గ్రైండ్ చేసి తెచ్చిన రీమర్ కూడా చాటర్ చేయగలదన్నది చాలామందికి వింతగా ఉంటుంది. అంచు వెనక రిలీఫ్, అంటే గోడకు తగలకుండా తీసిన వాలు, ఎక్కువగా ఉంటే పన్నుకు గోడ మీద ఆనుకునే చోటు ఉండదు, ఆపే రాపిడి ఉండదు, దాంతో అది ఎగిరెగిరి కొరుకుతుంది. ఆనుకునే సన్నటి మార్జిన్ వెడల్పు ఎక్కువైతే వేడెక్కుతుంది, తక్కువైతే ఊగుతుంది. ఆ సమతూకం గ్రైండర్ పని. మనం చేయగలిగింది ఒక్కటే, సన్నటి రాయితో పన్ను ముఖం మీద తేలిగ్గా తుడిచి బుర్రు తీయడం. మార్జిన్ మీద రాయి పెట్టొద్దు, వ్యాసం పోతుంది.

నూనె ధారాళంగా ఉండాలి. సల్ఫర్ కలిసిన కటింగ్ ఆయిల్ క్రోమ్ మాలీ స్టీల్‌కు బాగా పనిచేస్తుంది. 416 రకం స్టెయిన్‌లెస్‌లో సల్ఫర్ ముందే కలిపి ఉంటుంది కాబట్టి అది తేలిగ్గా తెగుతుంది, అయినా నూనె తగ్గించొద్దు. బ్యారెల్ మజిల్ (ముందు కొస) వైపు నుంచి ఒత్తిడితో నూనె పంపే ఏర్పాటు ఉంటే చిప్స్ వెనక్కి కొట్టుకొచ్చేస్తాయి, రీమర్‌ను మాటిమాటికీ బయటికి తీయక్కర్లేదు. ఒక్కసారీ బయటికి తీయకపోతే మళ్లీ లోపలికి పెట్టేటప్పుడు వచ్చే ప్రమాదమూ ఉండదు. ఆ ఏర్పాటు లేనివాళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లకు ఒకసారి తీసి రీమర్ గాడులు బ్రష్‌తో శుభ్రం చేసి, ఛాంబర్‌ను తుడిచి, కొత్త నూనె పూసి మళ్లీ మొదలుపెట్టాలి. గాడి నిండిన రీమర్ చిప్‌ను గోడకేసి నలుపుతుంది.

మళ్లీ మొదలుపెట్టడంలోనే అసలు పనితనం ఉంటుంది. తిరుగుతున్న బ్యారెల్‌లోకి రీమర్‌ను మెల్లగా తెచ్చి గోడకు తాకించి, ఫీడ్ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండకూడదు. ఆ తాకిడే రుద్దుడు. రీమర్‌ను లోపలికి పంపి, ఆనుకోగానే వెంటనే నిలకడైన ఒత్తిడితో కోత మొదలవ్వాలి. ఆపేటప్పుడు కూడా చివర ఫీడ్ ఆపి రీమర్‌ను రెండు మూడు చుట్లు ఊరికే తిప్పొద్దు. నున్నగా వస్తుందనుకుని అలా చేస్తారు, వచ్చేది చాటరే. లోతు చేరగానే బయటికి తీసేయండి. ఏ పరిస్థితిలోనూ స్పిండిల్ వెనక్కి తిప్పకండి, అంచులు పోతాయి.

ఇంత చేసినా చాటర్ రావచ్చు. వచ్చినప్పుడు ఏం చేయాలి?

వెంటనే ఆపండి. "ఇంకొంచెం పోతే సర్దుకుంటుంది" అనుకునే ఆ కొంచెంలోనే అలలు లోతవుతాయి. చాటర్‌కు జ్ఞాపకం ఉందని మొదట చెప్పాను కదా, ఇప్పుడు ఆ జ్ఞాపకాన్ని చెరిపేయాలి. వేగం మార్చండి, తగ్గిస్తే మంచిది. అంతకన్నా బాగా పనిచేసేది పాత టూల్ రూమ్ చిట్కా. మైనపు కాగితాన్నో, నూనెలో తడిపిన సన్నటి నూలు గుడ్డనో రీమర్ కోసే భాగానికి చుట్టి లోపలికి పంపాలి. పళ్లు ఆ పొరను చీల్చుకుని కోస్తాయి, మిగిలిన పొర పన్నుకూ గోడకూ మధ్య ఖాళీలో కూరుకుని మెత్తటి దిండులా ఉంటుంది. పన్ను పల్లంలోకి దూకకుండా అది పట్టి ఉంచుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు, కానీ ఊగుతున్న వస్తువుకు రాపిడి జోడిస్తే ఊపు తగ్గుతుందన్నది మామూలు భౌతికశాస్త్రమే.

అది కుదరకపోతే మోటార్ ఆపి, స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ టెయిల్‌స్టాక్ నుంచి గట్టి ఒత్తిడి ఇవ్వండి. చేత్తో తిప్పినప్పుడు వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఒక లయ ఏర్పడదు. లయ లేకపోతే పన్ను పాత అలను అనుసరించదు, దాని శిఖరాన్ని కోసేస్తుంది. నాలుగైదు చుట్లలో చేతికి తెలిసే గరుకు తగ్గడం మొదలవుతుంది. ఇంకో రీమర్ ఉంటే, ముఖ్యంగా పళ్ల సంఖ్య వేరుగా ఉన్న రఫింగ్ రీమర్ ఉంటే, అది కూడా పాత లయను చెడగొడుతుంది.

అయితే వీటన్నిటికీ లోతు మిగిలి ఉండాలి. అలలు పోవాలంటే రీమర్ ఇంకా ముందుకు పోవాలి. బాడీ టేపర్ 80కి 1 అని చెప్పాను, అంటే గోడ మీద 0.01 మిల్లీమీటర్ లోతు అల చెరగాలంటే రీమర్ 1.6 మిల్లీమీటర్లు ముందుకు వెళ్లాలి. కాబట్టి ఛాంబర్ లోతు మొదటి సగంలో ఉన్నప్పుడు ప్రతిసారీ తీసి చూడండి. చివరి మిల్లీమీటర్ దగ్గర చాటర్ కనబడితే దాన్ని తీసే లోతు మిగలదు, తూటా కూర్చునే లోతును చూసే హెడ్‌స్పేస్ గేజ్ హద్దు దాటిపోతుంది. కనిష్ఠ హద్దు చూపే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, గరిష్ఠ హద్దు చూపే నో గో మీద మూసుకోకూడదు. నున్నటి గోడ కోసం ఆ హద్దును దాటేవాడికి ఈ పని అప్పగించకూడదు.

పూర్తయ్యాక ఎలా చూడాలి? గేజ్‌లు మోసపోయే తీరు ఇందాక చెప్పాను. సన్నటి దీపం ఏటవాలుగా వేసి చూస్తే పలకలు మెరుస్తాయి. బోర్‌స్కోప్ ఉంటే మరీ మంచిది. అచ్చు తీసి చూడాలనుకుంటే సెర్రోసేఫ్ అనే మిశ్రమ లోహం ఉంది. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, పోసి గట్టిపడ్డాక బయటికి తీసి వెలుతురులో తిప్పి చూస్తే ఛాంబర్ గోడ మొత్తం చేతిలో ఉన్నట్టే. అది చల్లారాక మొదట ముడుచుకుని, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది, గంట తర్వాత అసలు ఛాంబర్ కొలతకు చేరుతుంది. అందుకే కొలవాలనుకుంటే ఆ గంట ఆగాలి.

చాటర్ మిగిలిపోతే ఎమెరీ గుడ్డతో రుద్ది దాచే ప్రయత్నం చేయకండి. ఎమెరీ శిఖరాలనూ పల్లాలనూ కలిపి మెరిపిస్తుంది, అలలు అలాగే ఉంటాయి, గోడ మాత్రం అక్కడక్కడ అరిగి పెద్దదవుతుంది. అప్పుడు సరైన పని ఒక్కటే. బ్యారెల్ వెనక చివర నుంచి థ్రెడ్‌తో సహా తగినంత కోసేసి, కొత్త థ్రెడ్ వేసి, మళ్లీ డయల్ పెట్టి బోరింగ్ దగ్గర నుంచి మొదలుపెట్టడం. బ్యారెల్ పొడవు కొంచెం తగ్గుతుంది. ఎంత కోయాలో నిర్ణయించేముందు పాత చాటర్ ఎంత లోతు దాకా వెళ్లిందో అచ్చు మీద చూసుకోండి, లేకపోతే కొత్త రీమర్ కోత పాత అలల మీదికే వెళ్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.